కేడర్‌ను ముక్కలు చేస్తే రోస్టర్‌లో మిగిలేదేమిటి?

సంపాదకులకు నమస్కారం.

పదోన్నతుల్లో ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్ మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పుడల్లా పత్రికల్లో రెండు మూడు వారాలు చర్చ నడుస్తుంది. ప్రతిభ ముఖ్యమా, సామాజిక న్యాయం ముఖ్యమా అని వాదోపవాదాలు సాగుతాయి. ఆ తీర్పు కేంద్ర ప్రభుత్వ రంగ కంపెనీ గేటు దాటి లోపలికి వచ్చాక ఏమవుతోందో మాత్రం ఎవరూ రాయరు. ఈ ఉత్తరం దాని గురించే. ఖలాసీగానో హెల్పర్‌గానో చేరిన దళిత, గిరిజన కార్మికుడు ముప్పై ఏళ్లు దాటిన సర్వీసు తర్వాత కూడా సూపర్‌వైజర్ కాకుండానే రిటైరవుతున్నాడంటే, కారణం కోసం డిపార్ట్‌మెంటల్ ప్రమోషన్ కమిటీ, అంటే డీపీసీ, కూర్చున్న రోజున వెతికితే దొరకదు. అంతకు అయిదేళ్ల ముందో పదేళ్ల ముందో రాసిన కాగితాల్లో వెతకాలి.

చట్టం సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. 1992 నవంబరులో ఇంద్రా సహానీ కేసులో సుప్రీంకోర్టు పదోన్నతుల్లో రిజర్వేషన్ కుదరదంది. 1995లో 77వ రాజ్యాంగ సవరణ 16(4ఎ) అధికరణం చేర్చి దాన్ని నిలబెట్టింది. అలా పైకి వచ్చినవారి సీనియారిటీని 2001లో 85వ సవరణ కాపాడింది. 2006లో నాగరాజ్ కేసు, 2018లో జర్నైల్ సింగ్ కేసు షరతులు పెట్టాయి. 2022 జనవరి 28 నాటి తీర్పు ప్రాతినిధ్యం తక్కువుందో లేదో కేడర్ వారీగా లెక్క తీయాలంది. దాన్ని అనుసరించి కేంద్ర సిబ్బంది వ్యవహారాల శాఖ (డీవోపీటీ) అదే ఏడాది ఏప్రిల్ 12న ఉత్తర్వులిచ్చింది. ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం. బీసీలకు కేంద్రంలో పదోన్నతుల్లో రిజర్వేషన్ లేదు. సెలక్షన్ పద్ధతిలో ఇచ్చే పదోన్నతులకు ఈ రిజర్వేషన్ గ్రూప్-ఎ లోని మొదటి మెట్టు దాకానే ఉంటుంది. కంపెనీ భాషలో చెప్పాలంటే కార్మికుడు ఆఫీసరయ్యే చోటుతో అది ఆగిపోతుంది. ఆ పైన ఉన్నది కొద్దిపాటి వెసులుబాటే. జనరల్ మేనేజర్ల వరుసలో, డైరెక్టర్ల బోర్డుల్లో దళితులు, ఆదివాసీలు ఎందుకింత తక్కువ అని అడిగేవారు ముందు ఈ సంగతి గమనించాలి.

ఇప్పుడు అసలు విషయం. రోస్టర్ అంటే ఎన్నో నంబరు పోస్టు ఏ వర్గానిదో చెప్పే పట్టిక; అందులోని ఒక్కో నంబరు ఒక పాయింట్. అది నడిచేది కేడర్ మీద. కేడర్ అంటే ఒక గ్రేడులో మంజూరైన పోస్టుల మొత్తం. 1995లో ఆర్.కె. సభర్వాల్ కేసు తర్వాత ఖాళీలను బట్టి కాకుండా పోస్టులను బట్టి రోస్టర్ నడపాలని తేలింది. 1997 జూలై 2న కేంద్రం కొత్త రోస్టర్లు ఇచ్చింది. అందులో మొదటి ఎస్సీ పాయింట్ 7, మొదటి ఎస్టీ పాయింట్ 14. తర్వాత ఎస్సీకి 15, 20, 27 పాయింట్లు, ఎస్టీకి 28వ పాయింట్ వస్తాయి. ఈ అంకెలు తెలిసినవాడికి కేడర్‌ను ఎక్కడ కోస్తే ఏమవుతుందో వెంటనే అర్థమవుతుంది.

ఒక ప్లాంటులో 28 ఫోర్‌మన్ పోస్టులు ఉన్నాయనుకుందాం. అన్నీ ఒకే కేడర్ అయితే అందులో 4 ఎస్సీలవి, 2 ఎస్టీలవి. ఇక ఆ 28 పోస్టులను మెకానికల్, ఎలక్ట్రికల్, ఇన్‌స్ట్రుమెంటేషన్, ఆపరేషన్, సివిల్, ఫైర్, స్టోర్స్ అని ఏడు ముక్కలు చేసి ఒక్కోదానికి 4 పోస్టులిచ్చారనుకోండి. నాలుగు పోస్టుల కేడర్‌లో 7వ పాయింటే లేదు. ఏడింటిలో ఒక్క ఎస్సీ పోస్టూ రాదు, ఒక్క ఎస్టీ పోస్టూ రాదు. అలాంటి చిన్న కేడర్లకు 14 పాయింట్ల రోస్టర్ వేరే ఉంది. ఉన్నవాళ్లు రిటైరై పోతుంటే వాళ్ల స్థానంలో వచ్చేవారిని వరసగా లెక్కిస్తూ పోతారు. నాలుగు పోస్టుల కేడర్‌లో మూడో రీప్లేస్‌మెంట్ ఎస్సీది, పదో రీప్లేస్‌మెంట్ ఎస్టీది. రెండేళ్లకొక ఖాళీ వస్తుందనుకుంటే ఎస్సీకి ఆరో ఏట, ఎస్టీకి ఇరవయ్యో ఏట వంతు వస్తుంది. అప్పటికి ఆ గిరిజన కార్మికుడు సర్వీసులో ఉంటాడా?

దీనివల్ల పోయేది ఇంకొకటుంది, దాన్ని యూనియన్లు కూడా సరిగా పట్టించుకోలేదు. డీపీసీ ఎంతమందిని పరిశీలించాలో చెప్పే లెక్కను పరిశీలన పరిధి అంటారు. కేంద్ర నిబంధన ప్రకారం పది దాకా ఖాళీలకు, ఖాళీల సంఖ్యను రెట్టింపు చేసి నాలుగు కలపాలి. 4 ఖాళీలుంటే 12 మంది. ఆ పన్నెండు మందిలో తగినంతమంది ఎస్సీ, ఎస్టీలు లేకపోతే వాళ్లకోసం ఆ పరిధిని ఖాళీలకు అయిదు రెట్ల దాకా, అంటే 20 మంది దాకా పెంచవచ్చు. అదే ఒక్క ఖాళీ అయితే అయిదు రెట్లు వేసినా 5 మందే, అది మామూలు పరిధిని దాటదు. పెంచడానికేమీ మిగల్లేదు. ఏడు ముక్కలైన కేడర్‌లో ఖాళీలు ఎప్పుడూ ఒకటొకటిగానే వస్తాయి గనక, సీనియారిటీ జాబితాలో ఎనిమిదో స్థానంలో ఉన్న ఎస్సీ ఫిట్టర్ పేరు కమిటీ ముందుకే రాదు. తిరస్కరించారన్న కాగితం కూడా ఉండదు. కోర్టుకు వెళ్లాలన్నా చేతిలో చూపడానికేదీ ఉండదు.

అన్ని ట్రేడులనూ కలిపి ఒకే కేడర్ చేయాలని మేము అనడం లేదు. ఇన్‌స్ట్రుమెంటేషన్ పని ఫైర్ సర్వీసు మనిషి చేయలేడు. కానీ మెకానికల్ మెయింటెనెన్స్‌ను షాపు వారీగా, యూనిట్ వారీగా విడగొట్టి, ఒకే ఐటీఐ సర్టిఫికెట్, ఒకే పని, ఒకే జీతం ఉన్నవాళ్లను నాలుగు సీనియారిటీ జాబితాల్లో ఎందుకు పెట్టారంటే జవాబు చెప్పే మేనేజ్‌మెంటు అరుదు. కేడర్ వారీగా లెక్క తీయమని 2022 తీర్పు వచ్చాక ఈ ప్రశ్న మరీ ముఖ్యమైంది. ప్రాతినిధ్యం చాలుతోందా లేదా అన్నది కూడా ఆ చిన్న ముక్కలోనే తేల్చేస్తారు కదా. ఒకే పోస్టు ఉన్న కేడర్‌లో రిజర్వేషన్ అసలే వర్తించదని 1998లో చండీగఢ్ పీజీఐ కేసులో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది కూడా. పోల్చి చూడండి, మన రాష్ట్ర ప్రభుత్వంలో 2025 దాకా నడిచిన 100 పాయింట్ల రోస్టర్‌లో ఎస్సీల మొదటి పాయింట్ 2, తర్వాతది 7, ఎస్టీలది 8. కేంద్ర సంస్థల్లోని చిన్న కేడర్లలో నష్టం ఎంత ఎక్కువో ఈ ఒక్క తేడాలోనే తెలుస్తుంది.

రోస్టర్ రిజిస్టర్ దొరికితే ముందు చూడాల్సిన తప్పు ఒకటుంది. సొంత సీనియారిటీ మీద, సొంత అర్హత మీద జనరల్ పాయింట్‌లో పదోన్నతి పొందిన ఎస్సీ ఉద్యోగిని రిజర్వుడ్ పాయింట్ ఎదురుగా రాసేయడం. అలా రాయకూడదని డీవోపీటీ 2002 జూలైలోనే స్పష్టంగా చెప్పింది. అయినా రిజిస్టర్లో పేరు పక్కన కులం చూడగానే ఎస్సీ గడి నింపేసే అలవాటు పోలేదు. ఒక్క పేరు అలా రాసేస్తే వెనక వరసలో ఉన్న ఇంకొకరి అవకాశం పోతుంది. నాలుగు శాతం, అయిదు శాతం ఎక్కువయ్యారంటూ కంపెనీలు చూపించే పట్టికల్లో ఈ పొరపాటు ఎంత ఉందో రిజిస్టర్ తీసి ఒక్కొక్క పాయింటూ సరిచూస్తే గాని తెలియదు. ప్రతి రిజిస్టర్‌ను ఏడాదికొకసారి, రిజర్వేషన్ అమలు చూసే లైజన్ ఆఫీసర్ తనిఖీ చేసి సంతకం పెట్టాలి. కొన్నిచోట్ల నాలుగైదేళ్ల సంతకాలు ఒకే పెన్నుతో, ఒకే రోజున పడతాయి. తనిఖీ తేదీనీ, ఆ ఏడాది పదోన్నతి ఉత్తర్వుల తేదీనీ పక్కపక్కన పెట్టి చూడండి.

ఇక ఏపీఏఆర్. వెనక సీఆర్ అనేవారు, ఏడాదికొకసారి పైఅధికారి రాసే రిపోర్టు. ఇక్కడ నష్టం తిట్టడం వల్ల జరగదు, మెచ్చుకోవడంలో ఒక్క మెట్టు తగ్గించడం వల్ల జరుగుతుంది. బోర్డర్ రోడ్స్ ఇంజినీరింగ్ సర్వీసులోని దేవదత్ కేసు దీనికి మంచి ఉదాహరణ. పదోన్నతికి అయిదేళ్లూ 'వెరీ గుడ్' కావాలి. ఆయనకు 1993-94లో ఒక్క ఏడాది 'గుడ్' పడింది. మంచిదే కదా అనుకుని ఆ సంగతి ఆయనకు ఎవరూ తెలియజేయలేదు. ఆ ఒక్క 'గుడ్' వల్ల పదోన్నతి పోయింది. 2008 మేలో సుప్రీంకోర్టు, చెడ్డదైనా మంచిదైనా ప్రతి ఎంట్రీనీ ఉద్యోగికి తెలియజేయాలని చెప్పింది. 2013లో సుఖ్‌దేవ్ సింగ్ కేసులో ముగ్గురు జడ్జీల బెంచి దాన్నే ఖాయం చేసింది. 2009 మే 14 నాటి డీవోపీటీ ఉత్తర్వు ప్రకారం మొత్తం రిపోర్టు కాపీ ఇవ్వాలి, అభ్యంతరం చెప్పుకోవడానికి 15 రోజుల గడువుండాలి.

ఆ పదిహేను రోజులూ ఎలా గడిచిపోతాయో చూడండి. రిపోర్టు ఇప్పుడు చాలాచోట్ల ఆన్‌లైన్లో వస్తుంది. బ్లాస్ట్ ఫర్నేస్ మీద, కన్వేయర్ మీద షిఫ్టులో ఉండే మనిషికి కంపెనీ మెయిల్ ఐడీ ఉంటుంది గాని తెరిచే కంప్యూటర్ ఉండదు. టైమాఫీసు గుమస్తాకు పాస్‌వర్డ్ చెప్పి ఆయన చేతే 'చూశాను' అని నొక్కించేస్తారు. గడువు ఆ క్షణం నుంచే మొదలవుతుంది. అందుకని పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వవద్దు. రిపోర్టు విడుదలైన రోజే ప్రింటు తీసుకుని, కిందటి ఏడాది మార్కులతో సరిపోల్చాలి. 7.8 నుంచి 5.9కి పడిపోతే ఆ ఏడాది ఒక్క మెమో అయినా ఇచ్చారా, ఒక్క సలహా అయినా రాతలో ఉందా అని అడుగుతూ అభ్యంతరం పెట్టాలి. కారణం చూపకుండా మెట్టు తగ్గించిన రిపోర్టు మీద రాసిన అభ్యంతరానికే బలం ఎక్కువ. 'నాకు అన్యాయం జరిగింది' అని మాత్రమే రాసిన అర్జీ ఫైల్లోకి వెళ్లి అక్కడే ఉంటుంది.

సెల్ఫ్ అప్రైజల్ విషయంలో కూడా మన కార్మికులు చాలా నష్టపోతున్నారు. 'అప్పగించిన పనులు సక్రమంగా నిర్వర్తించాను' అని ఒకే వాక్యం రాసి సంతకం పెడతారు. పక్క సెక్షన్లో మాటకారి అయినవాడు, అంతకన్నా తక్కువ పనిచేసి కూడా, ఏ మోటారు బేరింగు ఎన్ని గంటల్లో మార్చాడో, ఎన్ని బ్రేక్‌డౌన్లకు వెళ్లాడో అంకెలతో రాస్తాడు. మార్కులు వేసే అధికారి ముందున్నది ఆ కాగితమే. అంకెలు ఎక్కడి నుంచి తేవాలి అంటే, షిఫ్ట్ లాగ్‌బుక్ నుంచి. కానీ లాగ్‌బుక్‌లో చాలాచోట్ల షిఫ్ట్ ఇన్‌చార్జి పేరే ఉంటుంది. పని చేసిన మనిషి పేరు ఎక్కదు. వర్క్ పర్మిట్ కూడా సీనియర్ పేరు మీదే తీస్తారు. పదేళ్లపాటు గేర్‌బాక్సులు విప్పి బిగించినవాడి పేరు ఏ కాగితంలోనూ లేకపోతే డీపీసీకి అతను హెల్పరే. కాబట్టి లాగ్‌బుక్‌లో పని వివరం పక్కనే పనిచేసినవారి టోకెన్ నంబరు రాయాలని ప్రతి సెక్షన్లోనూ పట్టుబట్టాలి. ఖర్చు లేని పని. యూనియన్లు వేతన ఒప్పందంలో పెట్టే వంద డిమాండ్లలో ఇది ఒకటిగా ఎందుకు లేదో మాకు అర్థం కాదు.

2008 నవంబరులో ప్రభుత్వ రంగ సంస్థల శాఖ అధికారుల పనితీరు చెల్లింపులకు బెల్ కర్వ్ తెచ్చింది, అంటే ఏ మెట్టులో ఎంత శాతం మంది ఉండాలో ముందే నిర్ణయించే పద్ధతి. పనిచేసినా చేయకపోయినా పది శాతం మందిని అట్టడుగున చూపాల్సి వచ్చింది. అండలేనివాళ్లనే ఆ పది శాతంలోకి నెట్టడం సులువు. 2017 ఆగస్టు ఉత్తర్వుల్లో ఆ పది శాతం తప్పనిసరి కాదన్నారు. అయినా అంతకుముందు పడిన మచ్చలు సర్వీసు రికార్డులో అలాగే ఉన్నాయి. వాటి మీద పునఃపరిశీలన జరగాలి.

ఇన్‌చార్జి పని అప్పగించడం దగ్గర జరిగేది ఇంకా సూక్ష్మమైనది. ఫోర్‌మన్ సెలవు మీద వెళ్తే ఆ పదిహేను రోజులూ ఎవరు చూస్తారు? నోటిమాటతో ఒకరిని కూర్చోబెడతారు. ఆ తర్వాత ఇంటర్వ్యూలో 'సూపర్‌వైజరీ అనుభవం ఉందా?' అన్న ప్రశ్న వస్తుంది. ఆఫీసు ఆర్డరున్నవాడు చూపిస్తాడు. మూడు నెలలు నోటిమాట మీద చేసినవాడి దగ్గర చూపడానికేమీ ఉండదు. సీనియారిటీ ప్రకారం వంతులవారీగా, రాతపూర్వక ఆర్డరుతో మాత్రమే ఇన్‌చార్జి బాధ్యత ఇవ్వాలి. ట్రైనింగ్ నామినేషన్ కూడా అంతే. దిగువ స్థాయి కొలువుల భర్తీలో ఇంటర్వ్యూలను కేంద్రం 2016 జనవరి 1 నుంచి తీసేసింది. అదే కంపెనీలో ఉన్న కార్మికుడు జూనియర్ ఆఫీసర్ కావాలంటే మాత్రం చాలాచోట్ల ఇంటర్వ్యూ గది దాటాల్సిందే. బయటివాడికి అక్కర్లేని ఇంటర్వ్యూ ఇరవై ఏళ్లు కళ్లముందు పనిచేసినవాడికి ఎందుకో మాకు తెలియడం లేదు.

చదువు దగ్గర మోసపోయినవాళ్లు లెక్కలేనంతమంది. ఐటీఐతో చేరినవారు ఆఫీసర్ కావాలంటే డిప్లొమానో డిగ్రీనో అడుగుతారు. షిఫ్టులు చేస్తూ కాలేజీకి వెళ్లడం కుదరక, జీతంలోంచి ఫీజు కట్టి దూరవిద్యలో ఇంజినీరింగ్ పట్టాలు తెచ్చుకున్నారు. 2017 నవంబరు 3న ఒరిస్సా లిఫ్ట్ ఇరిగేషన్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు, ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) అనుమతి లేకుండా నాలుగు డీమ్డ్ యూనివర్సిటీలు దూరవిద్యలో ఇచ్చిన ఇంజినీరింగ్ పట్టాలు చెల్లవంది. 2001-05 మధ్య చేరినవారికి పరీక్ష రాసే అవకాశమిచ్చింది, తర్వాత చేరినవారికి అదీ లేదు. ఆ కేసు కూడా పదోన్నతుల గొడవతోనే మొదలైంది. ఇప్పుడు చేరేవారు మూడు కాగితాలు చేతికొచ్చాకే ఫీజు కట్టాలి. మొదటిది, ఆ కాలేజీలో ఆ కోర్సుకు, అదే సాయంత్రం లేదా పార్ట్‌టైమ్ పద్ధతికి, ఆ విద్యా సంవత్సరానికి ఏఐసీటీఈ అనుమతి ఉన్నట్టు ఆధారం. రెండోది, చదువుకోవడానికి కంపెనీ ఇచ్చిన రాతపూర్వక అనుమతి. మూడోది, ఆ పట్టాను పదోన్నతికి అర్హతగా గుర్తిస్తామన్న నిబంధన కాపీ. రెండో కాగితం లేక పట్టా వచ్చాక పక్కన పెట్టించుకున్నవారే ఎక్కువ.

డీపీసీకి నెల ముందు వచ్చే చార్జిమెమోల గురించి కూడా చెప్పాలి. ప్రాథమిక విచారణ నడుస్తోందన్న పేరుతో ఎవరి పదోన్నతినీ సీల్డ్ కవర్లో పెట్టకూడదు, అంటే కమిటీ నిర్ణయాన్ని బయటపెట్టకుండా ఆపకూడదు. చార్జిషీటు ఇచ్చాకే ఆ పని చేయాలని 1991లో జానకిరామన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి డీపీసీ జరిగిన తేదీ, చార్జిషీటు చేతికందిన తేదీ ముఖ్యం. చార్జిషీటు తీసుకునేటప్పుడు సంతకం కింద తేదీ, వేళ తప్పకుండా రాయండి. వెనక తేదీ వేసి ఇచ్చినది పట్టుబడేది అక్కడే.

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ఏజెన్సీ నుంచి వచ్చిన గిరిజన ఉద్యోగులకు కుల ధ్రువీకరణ పేరుతో ఆపడం వేరే కష్టం. చేరినప్పుడు ఒకసారి సరిచూసిన సర్టిఫికెట్‌ను పదోన్నతి దగ్గరకు వచ్చేసరికి మళ్లీ కలెక్టరాఫీసుకు పంపి, జవాబు రాలేదంటూ ఏళ్ల తరబడి కూర్చుంటారు. 1993 నాటి 16వ నంబరు రాష్ట్ర చట్టం కింద విచారణ జరిగి రద్దయ్యేదాకా ఆ సర్టిఫికెట్ చెల్లుతుంది. తప్పుడు సర్టిఫికెట్లతో చేరినవారిని ఏరివేయాల్సిందే, అసలైన గిరిజనుల పొట్ట కొట్టేది వాళ్లే. కానీ విచారణ ఆలస్యమైతే శిక్ష ఉద్యోగికి పడకూడదు. విచారణ ఫలితానికి లోబడి అన్న షరతుతో పదోన్నతి ఇవ్వవచ్చు.

మహిళా కార్మికులకు గనుల్లో జరిగింది చూడండి. గనిలో పనిని పర్యవేక్షించే ఓవర్‌మన్, మైనింగ్ సర్దార్ కొలువుల సర్టిఫికెట్లకు గనిలో అనుభవం కావాలి. 1952 గనుల చట్టం 46వ సెక్షన్ ఆడవాళ్లను భూగర్భంలోకి దిగనివ్వలేదు. దిగకపోతే అనుభవం లేదు, అనుభవం లేకపోతే సర్టిఫికెట్ లేదు, సర్టిఫికెట్ లేకపోతే ఆ వరుసలో పదోన్నతి లేదు. 2019 జనవరిలో సాంకేతిక, పర్యవేక్షణ, మేనేజర్ పనులకు పగటివేళ అనుమతి వచ్చింది. అప్పటికే సర్ఫేస్‌లో, అంటే గని పైన, జనరల్ మజ్దూర్లుగా ఉన్నవారికి ఆ సడలింపు పెద్దగా అందలేదు. వారికి సర్టిఫికెట్ కోచింగ్, గని శిక్షణ కంపెనీయే ఇవ్వాలి. వికలాంగుల విషయంలో మాత్రం చట్టం గట్టిగానే ఉంది. 2016 చట్టం 20వ సెక్షన్ వైకల్యం కారణంగా పదోన్నతి నిరాకరించరాదంటుంది. 2021 జూన్‌లో లీసమ్మ జోసెఫ్ కేసు పదోన్నతుల్లోనూ రిజర్వేషన్ హక్కును ఖాయం చేసింది. 2022 మే 17న కేంద్రం 4 శాతానికి ఉత్తర్వులిచ్చింది.

వీటన్నిటికన్నా పెద్ద దెబ్బ కింది మెట్టును తీసేయడం. ఒకప్పుడు స్వీపర్‌గా, తోటమాలిగా, క్యాంటీన్ బేరర్‌గా పర్మినెంటు రోల్స్ మీద చేరినవారు పరీక్ష రాసి అటెండరో, ఖలాసీయో, తర్వాత టెక్నీషియనో అయ్యేవారు. దళిత కుటుంబాలు కంపెనీలోకి అడుగుపెట్టిన దారి ఎక్కువగా అదే. ఇప్పుడు ఆ పనులన్నీ కాంట్రాక్టర్‌వి. 45 రోజులు గాని అంతకు మించి గాని సాగే తాత్కాలిక నియామకాల్లో కూడా రిజర్వేషన్ పాటించాలన్నది ప్రభుత్వం నేరుగా నియమించే వారికే. కాంట్రాక్టర్ మనుషులకు రోస్టర్ లేదు, సీనియారిటీ జాబితా లేదు, ఏపీఏఆర్ లేదు. కాంట్రాక్టు మారితే ఇరవై ఏళ్ల మనిషి మళ్లీ మొదటి రోజు మనిషి అవుతాడు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లలో వృత్తి భద్రతా కోడ్ ప్రధాన కార్యకలాపాల్లో కాంట్రాక్టు కార్మికులను పెట్టరాదంటుంది. మంచిదే. కానీ పారిశుధ్యం, కాపలా, క్యాంటీన్, తోటపని, సరుకు ఎక్కించి దించే హమాలీ పనులు మామూలుగా ప్రధానమైనవి కావని అదే నిర్వచనం చెబుతోంది. ఎవరు ఎక్కువగా ఆ పనుల్లో ఉన్నారో అందరికీ తెలుసు. కంపెనీలు తమంతట తాము చేయగలిగింది ఒకటుంది. టెండర్ షరతుల్లోనే పాత కార్మికులను సర్వీసుతో సహా కొత్త కాంట్రాక్టర్ కొనసాగించాలని, అయిదేళ్లు నిండినవారికి ట్రేడ్ టెస్ట్ పెట్టి సెమీ స్కిల్డ్, స్కిల్డ్ వేతనం ఇవ్వాలని రాయవచ్చు. మాన్యువల్‌గా వెల్డింగ్ చేస్తున్నవాడికి అన్‌స్కిల్డ్ కూలీ ఇవ్వడం ఈ రోజు ప్రతి ప్లాంటులోనూ కనిపిస్తోంది.

మరి ఉద్యోగులు ఏం చేయాలి? సమాచార హక్కు దరఖాస్తు పది రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి. అందులో ఇవి అడగండి: మీ గ్రేడుకు పై గ్రేడులో మంజూరైన పోస్టుల సంఖ్య, ఎన్ని సీనియారిటీ యూనిట్లుగా విడగొట్టారు, ఆ విభజన ఏ తేదీన ఏ ఉత్తర్వుతో జరిగింది; ప్రతి యూనిట్ రోస్టర్ రిజిస్టర్ మొదటి పేజీ నుంచి నేటిదాకా కాపీలు; గత అయిదు డీపీసీల్లో ఖాళీల సంఖ్య, పరిశీలన పరిధి; లైజన్ ఆఫీసర్ తనిఖీ నివేదికలు. మీ సొంత ఏపీఏఆర్‌లు కూడా అడగండి. తోటి ఉద్యోగి ఏపీఏఆర్ అడగవద్దు, 2012లో గిరీశ్ దేశ్‌పాండే కేసు తర్వాత వ్యక్తిగత సమాచారమంటూ దాన్ని తోసిపుచ్చుతారు, దానితో మొత్తం దరఖాస్తే పక్కకు పోతుంది. 'రిజర్వేషన్ ఎందుకు పాటించలేదు?' అని అడిగినా జవాబు రాదు. ఎందుకు అన్న ప్రశ్నకు కాకుండా కాగితానికే ఆ చట్టం వర్తిస్తుంది.

జాతీయ ఎస్సీ కమిషన్‌కు, ఎస్టీ కమిషన్‌కు వెళ్లవచ్చు. రికార్డులు తెప్పించి, అధికారులను పిలిపించి అడిగే సివిల్ కోర్టు అధికారాలు వాటికి ఉన్నాయి. కానీ పదోన్నతి ఉత్తర్వును నిలిపివేసే అధికారం లేదని 1996లో ఇండియన్ ఓవర్సీస్ బ్యాంక్ ఉద్యోగుల సంఘం కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. చాలామంది ఈ తేడా తెలియక కమిషన్‌లో రెండేళ్లు ఎదురుచూసి, తర్వాత హైకోర్టుకు వెళ్తే ఆలస్యమైందనిపించుకుంటున్నారు. కమిషన్‌లో అర్జీ పెట్టిన రోజునే కోర్టు సంగతి కూడా వకీలుతో మాట్లాడుకోవాలి. సీనియారిటీ జాబితా మీద అభ్యంతరాల గడువు అసలు దాటనివ్వవద్దు. ఒకసారి ఖరారై ఏళ్లు గడిచిన జాబితాను కదిలించడానికి కోర్టులు ఇష్టపడవు.

ఎస్సీ, ఎస్టీల సంక్షేమ పార్లమెంటరీ కమిటీ మన కంపెనీలకు వచ్చినప్పుడు యాజమాన్యాలు రంగురంగుల పట్టికలు ముందు పెడతాయి. మొత్తం ఉద్యోగుల్లో ఎస్సీలు ఇంత శాతం, ఎస్టీలు ఇంత శాతం అని. ఆ శాతాల్లో అట్టడుగు గ్రేడులవారు, ఏళ్లు నిండితే వచ్చే స్కేలు పెంపు పొంది అదే పనిలో ఉన్నవారు అందరూ కలిసిపోతారు. కమిటీ సభ్యులైన మన రెండు రాష్ట్రాల ఎంపీలకు ఉద్యోగ సంఘాలు ముందుగానే చెప్పాల్సింది ఇది: పట్టికలు పక్కన పెట్టి, 14 పాయింట్ల రోస్టర్ నడిచే, అంటే పదమూడు దాకా పోస్టులున్న కేడర్ల జాబితా అడగండి. అవి ఎన్ని, 1997 నాటికి ఎన్ని ఉండేవి, విడగొట్టిన ప్రతిదానికీ కారణం ఏ ఫైల్లో ఉంది, వాటిలో ఎస్సీ, ఎస్టీ పాయింట్ దాకా వచ్చినవి ఎన్ని.

– ప్రభుత్వ రంగ సంస్థల పర్సనల్ విభాగాల్లో పనిచేసి రిటైరైన కొందరు ఉద్యోగులు, విశాఖపట్నం